మాంబళం స్కైవాక్ మీద అమ్మతో

చెల్లెలి పెళ్లి చీరల కోసం చెన్నై వెళ్లాం. నేను, మా ఆవిడ, మోకాళ్ల నొప్పులతో అమ్మ. సాయంత్రం నాంపల్లిలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున తాంబరంలో దిగాం. చీరల దుకాణాలన్నీ ఉండే టీ నగర్ వెళ్లేవాళ్లకి ఇదే సుఖం. సెంట్రల్‌లో దిగి ఆటోవాళ్లతో బేరాలాడే పని లేదు, తాంబరంలోనే లోకల్ రైలెక్కితే టీ నగర్ పక్కనున్న మాంబళం స్టేషన్లో దింపేస్తుంది.

నా టెన్షనంతా మాంబళం గురించే. స్టేషన్ దాటగానే జనంతో కిక్కిరిసే బజారు, రంగనాథన్ వీధి. పదేళ్ల కిందట వచ్చినప్పుడు ఆ తోపులాటలో అమ్మ చెప్పు ఒకటి పోయింది, వెనక్కి తిరిగి వెతుక్కునే సందు కూడా లేదు. ఈసారి కిందకి దిగనే లేదు. 2023 మేలో తెరిచిన స్కైవాక్, అంటే నడిచేవాళ్ల కోసం రోడ్డుకి పైన కట్టిన వంతెన, స్టేషన్ వంతెన నుంచి నేరుగా టీ నగర్ బస్టాండు దాకా 570 మీటర్లు ఉంటుంది. వెడల్పు నాలుగు మీటర్ల పైనే, పైన కప్పు. ప్లాట్‌ఫాం నుంచి మెట్లెక్కడమే అమ్మకి కష్టమైంది. పైకి చేరాక రెండు చోట్ల రెయిలింగ్ పట్టుకుని నిలబడింది, అంతే. సూట్‌కేసు చక్రాలు గరగరమంటూ హాయిగా దొర్లాయి. బస్టాండు వైపు లిఫ్ట్‌లో దిగాం.

మా ఆవిడ మాత్రం, "చీరలు కొనడానికొచ్చి గాల్లో నడవడమేంటండీ?" అంది. నిజమే, సామాను లేనివాళ్లకి కింద వీధే బాగుంటుంది.

బస్టాండు దగ్గర లాడ్జి తీసుకున్నాం. ఫోన్‌లో లిఫ్ట్ ఉందన్నారు. ఉంది, కానీ మొదటి అంతస్తు నుంచి! అక్కడిదాకా మెట్లే. రోడ్డు మీది వంతెనకున్న సౌకర్యం డబ్బు కట్టిన గదికి లేదు. గది శుభ్రంగానే ఉంది గానీ, పెద్దవాళ్లతో వెళ్తే లిఫ్ట్ ఎక్కడ మొదలవుతుందో కూడా అడగండి.

దుకాణాల్లో తెలుగు బాగానే నడుస్తుంది. అసలు టీ నగర్‌లో 'టీ' అంటే త్యాగరాయ చెట్టి, పానగల్ పార్కేమో పానగల్ రాజా పేరు. ఇద్దరూ అప్పటి జస్టిస్ పార్టీ నాయకులు, తెలుగువాళ్లే. సాయంత్రం వెంకటనారాయణ రోడ్డులోని టీటీడీ గుడికి ఆటోలో వెళ్లొచ్చాం.

తిరిగి వెళ్లేటప్పుడు అమ్మా నేనూ సామాన్లతో పైనుంచి, మా ఆవిడ కింద వీధిలోంచి. మేం చేరిన ఇరవై నిమిషాలకి వచ్చింది, ఇంకో రెండు సంచులతో.