యూనివర్సల్ క్లాసిక్ మాన్‌స్టర్స్ బ్లూరే సెట్: ఒక మేకప్‌మ్యాన్ రివ్యూ

హాలీవుడ్ స్టూడియో యూనివర్సల్ తీసిన ఎనిమిది పాత హారర్ సినిమాలున్న బ్లూరే డిస్కుల పెట్టె ఇది. 1931 నాటి డ్రాక్యులాతో మొదలై 1954లో వచ్చిన క్రియేచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్ దాకా ఉంటాయి. మధ్యలో ఫ్రాంకెన్‌స్టైన్, ద మమ్మీ, ది ఇన్విజిబుల్ మ్యాన్, బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్, ద వుల్ఫ్ మ్యాన్, ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా. యూనివర్సల్ కంపెనీకి వందేళ్లు నిండిన 2012లో ఈ సెట్ వేశారు. యూసఫ్‌గూడలో ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్న ఒక ఎడిటర్ గారు నాకు అమ్మారు. "నీ పనికి పనికొస్తుంది, తీసుకో" అన్నారు. పనికొచ్చింది.

నేను ఉండేది కృష్ణానగర్‌లో, చేసేది సీరియళ్లకు మేకప్. ఏడుపు కోడళ్లు, విభూతి స్వాములు, రేటింగ్ పడిపోయినప్పుడు ఒక దెయ్యం. దెయ్యం అంటే మా దగ్గర ఒకటే ఫార్ములా: ముఖానికి తెల్ల ప్యాన్‌కేక్ మేకప్, కళ్ల కింద నలుపు, విరబోసిన విగ్గు, రంగు లెన్సులు. పావుగంటలో రెడీ అవ్వాలి. కాబట్టి ఈ సినిమాల్ని నేను కథ కోసం చూడలేదు, ముఖాల కోసం చూశాను.

ఫ్రాంకెన్‌స్టైన్‌లో శవాల ముక్కలు కలిపి డాక్టర్ ప్రాణం పోసిన ఆ జీవి మొదటిసారి వచ్చే షాట్ చూడండి. తలుపులోంచి వెనక్కి నడుస్తూ వస్తాడు. మెల్లగా తిరుగుతాడు. కట్ చేస్తే ముఖం దగ్గరగా, ఇంకో కట్‌కి ఇంకా దగ్గరగా. మా సీరియళ్లలో అత్తగారి ముఖాన్ని ఢాం ఢాం అని మూడుసార్లు దగ్గరగా చూపించే పద్ధతి ఉంది కదా, దర్శకుడు జేమ్స్ వేల్ దాన్ని 1931లోనే చేసేశాడు. తేడా ఏమిటంటే ఒక్కసారే చేశాడు, వెనక మ్యూజిక్ లేకుండా చేశాడు. టైటిల్స్ దాటాక ఆ సినిమాలో నేపథ్య సంగీతం దాదాపు లేనే లేదు. భయపడమని చెప్పేవాళ్లు ఎవరూ లేరు, ముఖం ఒక్కటే ఉంది.

ఆ ముఖం చేసినాయన పేరు జాక్ పియర్స్. ఒక డిస్కులో ఆయన మీద చిన్న డాక్యుమెంటరీ ఉంది, నాకు సినిమాలకంటే ముందు అదే చూడాలనిపించింది. అప్పటికి ఫోమ్ రబ్బరు ముక్కలు లేవు. దూది, కొలోడియన్ (ఆరితే గట్టి పొరయ్యే ద్రవం), స్పిరిట్ గమ్ (చర్మానికి అంటించే జిగురు), గ్రీజ్ పెయింట్ (జిడ్డు రంగు), అంతే. నుదురును పొర మీద పొరగా ముఖం మీదే కట్టుకుంటూ పోవాలి, రోజూ మళ్లీ మొదటి నుంచి. ఒక్కో రోజు నాలుగు గంటలు పట్టేదట. తల పైభాగం చదునుగా ఎందుకుందంటే దానికీ ఆయన దగ్గర లెక్క ఉంది: మెదడు పెట్టే డాక్టర్ పుర్రెను గిన్నె మూతలా అడ్డంగా కోసి, పెట్టాక మళ్లీ బిగిస్తాడు కదా అని. మెడ మీద ఉన్నవి కరెంటు ఎక్కించే ఎలక్ట్రోడ్లు. అలంకారం కోసం పెట్టింది ఒక్కటి కూడా లేదు. దర్శకుడు "ఇంకొంచెం భయంకరంగా ఉండాలి గురూ" అంటే ఇంకో గాటు గీసే మాలాంటి వాళ్లకి ఇది చెంపదెబ్బే.

ఆ జీవి వేషం వేసిన బోరిస్ కార్లాఫ్ తనవంతు తనూ చేశాడు. కట్టుడు పళ్ల బ్రిడ్జి తీసేసి చెంప లోపలికి పోయేలా చేసుకున్నాడు. కళ్లు మరీ తెలివిగా ఉన్నాయని రెప్పల మీద మైనం వేయించుకున్నాడు. ఇన్ని పొరలు వేసినా పియర్స్ ఆ ముఖం కదలకుండా చేయలేదు. పై కిటికీ తెరిచినప్పుడు వెలుతురును పట్టుకుందామని చేతులు పైకి చాపే సీన్ ఒకటుంది. బ్లూరే క్లారిటీలో నుదుటి క్లిప్పులు, కుట్లు, బుగ్గ మీద నీడ అన్నీ కనిపిస్తాయి, నేను అతుకులు వెతుకుతూ కూర్చున్నాను. కానీ ఆ చేతుల దగ్గరికి వచ్చేసరికి వెతకడం మానేశాను. ఇన్నేళ్లు ఈ సినిమాలు నిలబడటానికి కారణం నాకైతే అక్కడ దొరికింది. రాక్షసుడి లోపల ఉన్న మనిషికి నటించడానికి చోటు వదిలారు. టైటిల్స్ మొదట్లో మాత్రం కార్లాఫ్ పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం వేశారు, పేరు చివర్లో గానీ రాదు.

ఆ జీవి చెరువు గట్టున ఒక పాపతో కలిసి పూలు నీళ్లలో వేసే సీన్ చాలా ఏళ్లు కత్తిరించిన రూపంలోనే ఆడింది. ఇందులో పూర్తిగా ఉంది. పూలు అయిపోయాక పాప కూడా తేలుతుందనుకుని నీళ్లలోకి విసిరేస్తాడు. కత్తిరించినప్పుడు అతను చేతులు చాపడం దగ్గర ఆగిపోయి, చూసేవాళ్లు ఇంకా దారుణమైనది ఊహించుకునేవారు. పూర్తిగా చూస్తే వాడి మీద జాలి వేస్తుంది.

ద మమ్మీలో కార్లాఫ్‌ని గుడ్డ కట్లు చుట్టిన పాత ఈజిప్టు శవంగా మార్చే మేకప్‌కి ఎనిమిది గంటలట. ఆ కట్లతో కనిపించేది మాత్రం మొదట్లో కాసేపే! తర్వాత సినిమా అంతా కార్లాఫ్ మామూలు బట్టల్లో, ముడతలు పడ్డ ముఖంతో తిరుగుతాడు. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఇది చూసి, "అన్నా, ఎనిమిది గంటలు వేసి రెండు నిమిషాలు చూపిస్తే ప్రొడ్యూసర్ చంపేయడా?" అన్నాడు. మన ప్రొడ్యూసరైతే చంపేస్తాడు, నిజమే. కానీ ఆ కాసేపు చూశాం కాబట్టే ఆ ముడతలకు విలువ.

డ్రాక్యులా దగ్గర కొంచెం ఓపిక కావాలి. మొదటి ఇరవై నిమిషాలు, కోట, మెట్లు, సాలెగూడు, డ్రాక్యులాగా వేసిన బెలా లుగోసీ కళ్ల మీద మాత్రమే పడే లైటు, అద్భుతం. లండన్ చేరాక అందరూ సోఫాల్లో కూర్చుని మాట్లాడుకుంటారు, నాకు నిద్రొచ్చింది. అదే డిస్కులో స్పానిష్ డ్రాక్యులా కూడా ఉంది. పగలు ఇంగ్లీషు యూనిట్ వాడిన సెట్లలోనే రాత్రిళ్లు వేరే నటులతో తీశారు. కెమెరా పనితనం దానిదే మెరుగు. నైట్ షిఫ్ట్ బ్యాచ్ అని చిన్నచూపు చూసేవాళ్లకి చూపించాలి.

బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్ ఈ పెట్టెలో అన్నిటికంటే మంచి సినిమా. ఎల్సా లాంచెస్టర్ పెళ్లికూతురిగా ఉండేది చివర్లో కొద్ది నిమిషాలు. చట్రం మీద నిలబెట్టిన ఆ జుట్టు, రెండు వైపులా తెల్లటి మెరుపు గీతలు, హంసల్ని చూసి నేర్చుకున్న ఆ బుసకొట్టడం, ఒక్కసారి చూస్తే పోదు. ఇన్విజిబుల్ మ్యాన్‌లో క్లాడ్ రెయిన్స్ ముఖం చివరి క్షణాల్లో గానీ కనపడదు, సినిమా అంతా గొంతుతోనే లాగాడు. సత్రం యజమానురాలి కేకలు మాత్రం వాల్యూమ్ తగ్గించుకుని వినండి. వుల్ఫ్ మ్యాన్ పర్లేదు. ఫాంటమ్ కలర్‌లో ఉంటుంది, ఫొటోగ్రఫీకి, ఆర్ట్ డైరెక్షన్‌కి ఆస్కార్లు కూడా వచ్చాయి. కానీ పాటలు ఎక్కువ, భయం తక్కువ.

చివరిది క్రియేచర్, నీళ్లలో బతికే చేపలాంటి మనిషి కథ. ఇక్కడికి రబ్బరు సూట్లు వచ్చేశాయి. నేల మీద బెన్ చాప్మన్, నీళ్లలో రికూ బ్రౌనింగ్, ఒకే జంతువుకి ఇద్దరు మనుషులు. బ్రౌనింగ్ వీపుకి సిలిండర్ లేకుండా ఊపిరి బిగపట్టి ఈదాడు. ఆ సూట్ డిజైన్ చేసింది మిలిసెంట్ ప్యాట్రిక్ అనే ఆవిడ. పేరు మాత్రం మేకప్ డిపార్ట్‌మెంట్ హెడ్ బడ్ వెస్ట్‌మోర్‌కి వెళ్లింది, చాలాకాలం ఆవిడ సంగతి బయటివాళ్లకి తెలియలేదు. నేను పనిచేసే సీరియల్లో మా పేర్లు చదివేలోపే ప్రకటన పడిపోతుంది, అందుకని ఈ విషయం నాకు మరీ తగిలింది. పియర్స్‌ని కూడా స్టూడియో అప్పటికే పంపించేసింది.

తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, ఇంగ్లీషువి ఉన్నాయి. క్రియేచర్‌ని త్రీడీలో చూడాలంటే త్రీడీ టీవీ ఉండాలి. ఇంట్లో ప్లేయర్ లేనివాళ్లు దీనికోసం ప్లేయర్ కొననక్కర్లేదు. కొత్త హారర్‌లా ఉలిక్కిపడేలా చేస్తుందనుకుంటే వద్దు. మా అబ్బాయి పదో నిమిషంలో ఫోన్ తీశాడు. సినిమాలు విడివిడిగా కూడా దొరుకుతాయి, పెట్టె మొత్తం ఖర్చు ఎందుకనుకుంటే ఫ్రాంకెన్‌స్టైన్, బ్రైడ్ రెండూ తీసుకోండి. ఒకటి డెబ్బై నిమిషాలు, ఇంకోటి డెబ్బై అయిదు. ఒకే రాత్రిలో వరుసగా చూడొచ్చు, మర్నాడు ఏడింటికి కాల్‌షీట్ ఉన్నా సరే.