అది మా పాప చెయ్యి కాదు: మట్టి పళ్ళెం వర్క్‌షాప్‌కి పిల్లల్ని పంపేవాళ్ళు ఇది చదవండి

ముందే చెప్తున్నా, కోపంలో రాస్తున్నాను. మదర్స్ డే అయిపోయి రెండు రోజులైంది, ఇంకా చల్లారలేదు. ముందూ వెనకా అయితే సర్దుకుని చదవండి.

స్టూడియో పేరు రాయను. రాయకపోయినా హైదరాబాద్‌లో మా వైపు వాళ్ళకి తెలిసిపోతుంది. ఏప్రిల్ నెలంతా ప్రతి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ తిరిగిన పోస్టరే. చేతులనిండా మట్టి పూసుకుని నవ్వుతున్న పిల్లాడు, కింద "మీ చిన్నారి చేత్తో, మీ శ్రీమతికి" అని. అదే. మీలో సగం మంది ఈపాటికి వెళ్ళే ఉంటారు.

మా పాపకి ఏడేళ్ళు. ఈసారి అమ్మకి ఏదైనా తనే చెయ్యాలట, కొనకూడదట, అమ్మకి అస్సలు తెలియకూడదట. సరే అని నేను ఆ పోస్టర్ పట్టుకున్నాను. ఫీజు 1,800. రంగు పూత వేసి కాల్చాలంటే ఇంకో 250. గిఫ్ట్ బాక్స్ 150. మొత్తం 2,200 ఒక పర్సనల్ నంబర్‌కి ఫోన్‌లో కొట్టాను. బిల్లు అడగలేదు. కూరగాయల బండి దగ్గర పది రూపాయల కొత్తిమీరకి బేరమాడే మనిషిని నేను. ఇక్కడ మాత్రం నోరు పెగల్లేదు. ఏసీ గది, చెక్క బల్లలు, మెల్లగా పాటలు, అడగ్గానే కాఫీ. పడిపోయాను.

వర్క్‌షాప్ మాత్రం బాగానే జరిగింది, అబద్ధం చెప్పను. మట్టి ముద్ద ఇచ్చారు. చపాతీ కర్ర లాంటి దాంతో ఒత్తి పలక చేయించారు, మధ్యలో చెయ్యి గట్టిగా అదమమన్నారు, గిన్నె బోర్లించి గుండ్రంగా కోయించారు. మొదటిసారి అచ్చు సరిగ్గా పడలేదని పాప మొత్తం ముద్ద చేసేసి మళ్ళీ మొదలుపెట్టింది. అంచు చుట్టూ అగ్గిపుల్లతో చుక్కలు పెట్టింది, వాకిట్లో నానమ్మ ముగ్గుకి పెట్టినట్టు. ఇరవై ఒక్క చుక్కలు. లెక్క నాది కాదు, దానిదే. వెనక్కి తిప్పి పుల్లతో "అమకి" అని రాసింది. ఒత్తు మర్చిపోయింది. దిద్దుదామని నోటిదాకా వచ్చి ఊరుకున్నాను. అదొక్కటే ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచి పని, అది కూడా ఇప్పుడు చెత్తబండి పాలైంది. ఆ సంగతి తర్వాత.

వారం తర్వాత శనివారం సాయంత్రం వెళ్ళి తెచ్చుకున్నాను. డబ్బా చుట్టూ టేపు, టేపు మీద రిబ్బన్, రిబ్బన్ మీద స్టిక్కర్. "సర్ప్రైజ్ కదా సర్, అమ్మే ఓపెన్ చెయ్యాలి, మీరు ఇక్కడ తెరవకండి" అని ఆ మేడం ఎంత ప్రేమగా చెప్పిందో. ఎందుకు చెప్పిందో నాకు ఆదివారం పొద్దున తెలిసింది.

ఆదివారం పొద్దున ఏడున్నరకి పాప డబ్బా తెచ్చి వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టింది. మా ఆవిడ కాఫీ గ్లాసు పక్కన పెట్టి విప్పింది. గులాబీ రంగు పళ్ళెం, మధ్యలో చిన్న చెయ్యి. "అబ్బ, ఎంత బావుందో" అంటూ అచ్చు మీద వేలు పెట్టి నిమిరింది. బొటనవేలు, చూపుడువేలు, అలా వరసగా వచ్చి చిటికెనవేలి దగ్గర ఆగిపోయింది.

మా పాప చిటికెనవేలు వంకర. మూడేళ్ళప్పుడు బాత్రూమ్ తలుపు సందులో పడింది. కొన లోపలికి తిరిగి అలాగే ఉండిపోయింది. ఆ వేలు కట్టుతో ఉన్నన్నాళ్ళూ రాత్రుళ్ళు ఎత్తుకు తిరిగింది వాళ్ళమ్మే. పళ్ళెంలో చిటికెనవేలు గీత గీసినట్టు తిన్నగా ఉంది.

మా ఆవిడ ఏమీ అనలేదు. తలెత్తి నన్ను చూసింది, అంతే. నాకింకా విషయం ఎక్కలేదు, నేను ఫోన్‌లో వీడియో తీస్తున్నాను, గొప్పగా. పాప వంగి చూసి, తన చెయ్యి ఆ అచ్చులో పెట్టింది. చుట్టూ ఖాళీ మిగిలింది. "నాన్నా, ఇది నా చెయ్యి కాదు" అంది. తర్వాత "నా చుక్కలేవి?" అంది. ఆ వీడియో ఇంకా నా ఫోన్‌లో ఉంది, తీసెయ్యడానికీ మనసు రావట్లేదు, చూడ్డానికీ రావట్లేదు.

"కాలిస్తే మారుతుందేమోలేమ్మా" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా. వెనక్కి తిప్పి చూస్తే అక్కడ మెత్తటి ఫెల్ట్ గుడ్డ అంటించి ఉంది. "అమకి" దాని కింద ఉంటుందని పాప గోరుతో పీకింది. కింద నున్నగా ఉంది. ఒక్క గీత లేదు.

పదకొండింటికి స్టూడియోకి ఫోన్ చేశాను. మేడం గొంతులో అదే తియ్యదనం. "కిల్న్‌లో మట్టి కుంచించుకుపోతుంది సర్, షేప్ కొంచెం అటూఇటూ అవుతుంది, హ్యాండ్‌మేడ్ అంటేనే అది కదా." కిల్న్ అంటే మట్టి కాల్చే పొయ్యి. నేను, ఈ మహా మేధావిని, సరేనండీ అని పెట్టేశాను! మట్టిపని నేర్చుకున్న మా ఆఫీసు కొలీగ్ ఒకావిడ ఉంటే ఆవిడకి ఫొటో పంపాను. ఆవిడ అడిగింది ఒకటే: కుంచించుకుపోతే అచ్చు చిన్నదవ్వాలి కదండీ, మీది పెద్దదైందేంటి అని. మామూలుగా ఆరి, కాలేసరికి మట్టి సుమారు పది శాతం తగ్గుతుందట. స్కేలు పెట్టి కొలిచాను. పాప చెయ్యి మణికట్టు నుంచి నడిమివేలి కొస దాకా 13 సెంటీమీటర్లు. అంటే పళ్ళెంలో 12కి దగ్గరగా ఉండాలి. ఉన్నది పద్నాలుగున్నర. మా పాప చెయ్యి పొయ్యిలో పెరిగిందన్నమాట!

సాయంత్రం అసలు బాంబు. బి బ్లాక్‌లో వాళ్ళ బాబు కూడా అదే వర్క్‌షాప్‌కి వెళ్ళాడు. వాళ్ళ పళ్ళెం నీలం రంగు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. ఒకటే చెయ్యి. అరచేతిలో అవే గీతలు, బొటనవేలి మొదట్లో అదే చిన్న గుంట. వాళ్ళ బాబుకి ఐదేళ్ళు. వాళ్ళావిడ దాన్ని అప్పటికే దేవుడి గది పక్క గోడకి తగిలించేసింది. దింపి తెచ్చి చూపించింది, పాపం.

సోమవారం పొద్దున ఆ బాబు వాళ్ళ నాన్నా నేనూ కలిసి వెళ్ళాం. రెండు పళ్ళేలు బల్ల మీద పెట్టాం. మేడం చూసింది. దబాయించలేదు, బుకాయించలేదు. "ఓ, అదా" అంది. నిజంగా, "ఓ, అదా" అనే అంది.

సంగతేంటంటే పిల్లలు చేసినవాటిలో చాలా కిల్న్‌లో పగిలిపోయాయట. "పిల్లలు ఏడుస్తారు కదా సర్, మదర్స్ డే పాడవుతుందని మేమే కూర్చుని కొత్తవి చేయించాం. రాత్రంతా మా స్టాఫ్ నిద్రపోలేదు. యాక్చువల్‌గా మీరు థాంక్స్ చెప్పాలి." చెయ్యి ఎవరిదండీ అంటే, స్టాఫ్‌లో ఒకరి పిల్లదట. ఆ పిల్లని కూర్చోబెట్టి ఎన్ని అచ్చులు వేయించారో. ఆ పాప వాళ్ళమ్మకి ఒకటైనా ఇచ్చారో లేదో అడగాల్సింది, అప్పుడు తట్టలేదు.

"ఎవరి చెయ్యైతే ఏంటి సర్? చిన్న చెయ్యేగా. అమ్మకి ఫీలింగ్ ముఖ్యం. మీరు ఇంత కొలతలు కొలవకపోతే పాపకి తెలిసేదే కాదు."

ఈ ముక్క అక్షరం పొల్లుపోకుండా రాశాను, కావాలంటే పక్కనున్నాయన సాక్ష్యం. కొలవక ముందే పాపకి తెలిసిందమ్మా, వాళ్ళమ్మకి అంతకంటే ముందే తెలిసింది అని అప్పుడే అనాల్సింది. నోట మాట రాలేదు. ఇలాంటి జవాబులు నాకు ఎప్పుడూ లిఫ్టు దిగాకే వస్తాయి.

కోపం మింగి ఒక్కటి అడిగాను. పగిలినవి ఉన్నాయా, మా పాపది ముక్కలైనా ఇవ్వండి, ఇంటికి తీసుకెళ్ళి అతికించుకుంటాం అన్నాను. పక్కనున్న కుర్రాడు మేడం వైపు చూశాడు. మేడం నవ్వింది. "ముక్కలేం చేస్తారు సర్? చెత్తబండిలో వేసేశాం."

కుమ్మరికి ఏడాది, గుదియకి ఒక పెట్టు అని మా నాన్న అనేవాడు. ఇక్కడ పెట్టు కూడా కుమ్మరే వేశాడు.

డబ్బులు? "వర్క్‌షాప్ అటెండ్ అయ్యారు కదా సర్, మెటీరియల్ వాడారు కదా. నో రిఫండ్ అని పోస్టర్‌లోనే ఉంది." తర్వాత, పెద్ద మనసు చేసుకుని, జూన్‌లో ఫాదర్స్ డే వర్క్‌షాప్‌కి 50 శాతం కూపన్ ఇస్తానంది. అంటే సగం ధరకి నాకు ఎవరి చెయ్యో వస్తుంది. బయటికొచ్చి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను, రెండు బ్లూ టిక్కులు పడ్డాయి, గంటలో ఆవిడ ప్రొఫైల్ ఫొటో మాయం. బ్లాక్.

ఎందుకు పగిలాయో కూడా ఆ కొలీగే చెప్పింది. ఆ మందం పలక నీడపట్టున మెల్లగా, పూర్తిగా ఆరాలి, వారం పది రోజులు పడుతుంది. లోపల తడి ఉండగా పొయ్యిలో పెడితే ఆవిరై పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఆరాక ఒకసారి కాల్చి, పూత వేసి మళ్ళీ కాల్చాలి. కాల్పు వెయ్యి డిగ్రీల దాకా, ఒక్కోసారి ఆ పైన కూడా ఉంటుంది. వీళ్ళు ఇదంతా వారంలో చేసిస్తామన్నారు. ఊళ్ళో కుమ్మరి ఆవం పెట్టే తాతని అడిగినా పచ్చి కుండ ఆవంలో పెట్టరని చెప్పేవాడు. నేను అడగలేదు. 2,200 తీసుకున్నారంటే తెలిసినవాళ్ళే అయ్యుంటారనుకున్నాను.

నిన్న రాత్రి నిద్ర పట్టక ఈ మదర్స్ డే సంగతేంటని ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను. అమెరికాలో 1908లో దీన్ని మొదలుపెట్టి, 1914కల్లా దేశమంతా పాటించేలా చేయించింది అన్నా జార్విస్ అనే ఆవిడట. తర్వాత పూల కొట్లవాళ్ళూ కార్డులవాళ్ళూ దాన్ని వ్యాపారం చేసేశారని ఆ పండగ మీదే మిగతా జీవితమంతా పోట్లాడిందట. మా స్టూడియోని చూసుంటే ఏం చేసేదో.

నన్ను నేను తిట్టుకోవడం ఇంకో రకం. నాలుగో తరగతిలో నేను మా అమ్మకి అగ్గిపెట్టెలతో చిన్న సొరుగుల బీరువా చేసిచ్చాను. తొమ్మిది ఖాళీ పెట్టెలు, అన్నం మెతుకులతో అతికించి, చుట్టూ పాత క్యాలెండర్ కాగితం, సొరుగు లాగడానికి చొక్కా గుండీలు. ఖర్చు సున్నా. పిన్నీసులూ హుక్కులూ అమ్మ ఇప్పటికీ అందులోనే పెడుతుంది, మధ్య వరస కూలిపోయినా సరే. అది చేసినవాడు తన కూతుర్ని పట్టుకెళ్ళి ఏసీ గదిలో కూర్చోబెట్టి డబ్బు కట్టాడు. అగ్గిపెట్టెలు చాలవా? రెండు గ్లాసుల మైదా, గ్లాసు ఉప్పు, గ్లాసులోపు నీళ్ళు కలిపి ముద్ద చేసి పిల్ల చెయ్యి అదిమితే ఇంట్లోనే ఆరిపోతుందని ఇప్పుడందరూ చెప్తున్నారు. నిన్న కలిపాను కూడా. పాప చెయ్యి పెట్టనంది. "మళ్ళీ వేరేది వస్తుంది" అంది. ముద్ద ఫ్రిజ్‌లో ఉంది.

ఇక జాగ్రత్తలంటారా, ఏముంది. పిల్లలు చేసింది అక్కడే వదిలి రావాల్సి వస్తే ముందూ వెనకా ఫొటో తీసుకోండి. ఎన్ని రోజులు ఆరబెడతారు, ఎక్కడ కాలుస్తారు, పగిలితే ఏం చేస్తారు అని డబ్బు కట్టక ముందే అడగండి. డబ్బా అక్కడే విప్పండి, సర్ప్రైజ్ పాడైనా పర్లేదు. బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పే, లోపమున్న వస్తువుకి డబ్బు వెనక్కివ్వననడం కూడా తప్పే, పోస్టర్‌లో ఏం రాసుకున్నా. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, చూడాలి. ఇంకోటి, ఇంట్లో చేద్దామని ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లో పిల్లల చెయ్యి పెట్టకండి, గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది, కాలుతుంది.

మే మొదటి వారంలో అక్కడికి వెళ్ళినవాళ్ళు ఇప్పుడే లేచి గోడ మీద పళ్ళెం దింపి చూడండి. బొటనవేలి మొదట్లో మినపగింజంత గుంట ఉంటే అది మీ పిల్లల చెయ్యి కాదు. ఒకవేళ ఎవరి ఇంట్లోనైనా చిటికెనవేలు లోపలికి వంగి, అంచున ఇరవై ఒక్క చుక్కలు, వెనకాల "అమకి" అని ఉన్న పళ్ళెం పొరపాటున వచ్చి ఉంటే, అన్నీ పగల్లేదేమో, వాళ్ళ మాట మీద నాకు నమ్మకం లేదు, దయచేసి నాకొక్క మెసేజ్ పెట్టండి. ఎంత దూరమైనా నేనే వచ్చి తీసుకుంటాను.