మణికట్టు విరిగితే పిండికట్టా, ప్లేటా?

సింహాచలం మెట్ల మీద జారి, అరచేయి ఆన్చి పడినవారికి తరచుగా విరిగేది ముంజేతిలో బొటనవేలి వైపున్న రేడియస్ ఎముక చివరి భాగం. ముక్కలు చోటు తప్పకపోతే, లేదా మత్తు ఇచ్చి సరిచేశాక అక్కడే నిలిస్తే, పిండికట్టు చాలు. అయితే దాన్ని 5, 6 వారాలు ఉంచుకోవాలి. విశాఖ ఉక్కపోతలో కట్టు కింద చెమట, దురద చిన్న బాధ కాదు. అంతకన్నా ముఖ్యంగా, మొదటి 2, 3 వారాల్లో ముక్కలు మళ్లీ చోటు తప్పవచ్చు కనుక ఎక్స్‌రేలు మానకూడదు.

కీలు ఉపరితలం చీలినప్పుడు, కట్టులో ఎముక నిలవనప్పుడు ఆపరేషన్ చేసి లోహపు ప్లేటు బిగించడం మేలు. అరచేతి వైపు నుంచి కోసి, ప్లేటును ఎముకపై ఆనించి, ఆ ప్లేటులోనే బిగుసుకునే స్క్రూలతో పట్టి ఉంచుతారు కాబట్టి, సాధారణంగా 2 వారాలకే మణికట్టును కదిలించడం మొదలుపెట్టవచ్చు. ఫిషింగ్ హార్బరులో వలలు లాగి బతికే మనిషికి ఈ తేడా చాలా విలువైనది, బరువులు మాత్రం ఎముక అతికేదాకా ఎత్తకూడదు. ఇన్ఫెక్షన్ రావడం, ప్లేటు అంచుకు రాసుకుని టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) తెగడం దీనిలోని ముప్పులు.

65 ఏళ్లు దాటినవారిలో ఎముక కాస్త వంకరగా అతికినా, ఏడాది తర్వాత చేతి పనితనంలో పిండికట్టుకూ ప్లేటుకూ పెద్ద తేడా ఉండదని అధ్యయనాలు చూపాయి. అందుకే పెద్దవారిని ఆపరేషన్‌కు తొందరపెట్టడం నాకు సమ్మతం కాదు. ఏ పద్ధతిలోనైనా వేళ్లను మొదటి రోజు నుంచే పూర్తిగా ముడిచి తెరుస్తూ ఉండాలి.