సమాజ సేవ శిక్ష: పని చేయించుకున్నవారి వైపు నుంచి ఒక సమీక్ష

దోషి చేత జీతం లేకుండా సమాజానికి పనికొచ్చే పని చేయించే సమాజ సేవ శిక్ష గురించి వచ్చే రాతలు సాధారణంగా తీర్పు చెప్పినవారి వైపు నుంచో, శిక్ష పడినవారి వైపు నుంచో ఉంటాయి తప్ప, ఆ పని ఎవరి ఆవరణలో జరుగుతుందో వారి వైపు నుంచి రాసినవి నా కంటపడలేదు. మేము నడిపే గ్రంథాలయంలో న్యాయస్థానం పంపినవారితో ఎనిమిది నెలలపాటు పని చేయించుకున్నాం కాబట్టి, దీన్ని కూడా ఏదైనా ఒక సేవను తూచినట్టే తూచి, మాలాంటి సంస్థలకు పనికొస్తుందో లేదో చెబుతాను.

పద్ధతి కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో శిక్షల విధానంపై సామాజికవేత్త బార్బరా ఊటన్ అధ్యక్షతన ఏర్పడిన ఉపసంఘం 1970లో సిఫారసు చేయగా, 1972 నాటి చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లలో దీన్ని ప్రవేశపెట్టింది. అప్పట్లో 40 నుంచి 240 గంటల వరకు, అదీ దోషి సమ్మతిస్తేనే, ఈ శిక్ష వేసేవారు. తరువాత సమ్మతి నిబంధన పోయింది, గరిష్ఠం 300 గంటలయింది. భారతదేశంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన, నేరాలకు శిక్షలు నిర్ణయించే చట్టమైన భారతీయ న్యాయ సంహిత నాలుగో సెక్షన్‌లో శిక్షల వరుసన సమాజ సేవను చేర్చింది. తాగి బహిరంగ స్థలంలో అల్లరి చేయడం, పరువునష్టం, తొలిసారి చేసిన చిన్న దొంగతనం వంటి కొద్ది నేరాలకే అది వర్తిస్తుంది. ఏ పని, ఎన్ని గంటలు అన్నది మాత్రం సంహితలో లేదు. నేను చెప్పబోయే మంచిచెడ్డలు రెండూ ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

మొదటి రోజు అనుభవం బాగాలేదు. అయిదుగురిని పంపుతామన్నవారు ఏడుగురిని పంపారు, చేతితొడుగులు నలుగురికే వచ్చాయి, పర్యవేక్షకుడు గంటన్నర ఆలస్యంగా వచ్చాడు. ఆయన వచ్చేవరకు పని మొదలుపెట్టకూడదన్న నియమం ఉన్నందున ఏడుగురూ వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. సాయంత్రం హాజరు పట్టీలో ఆ గంటన్నర కూడా పని కిందే జమ అయింది. చేసేవారికి అది ఊరటే కావచ్చు; కానీ ఊరికే కూర్చోబెట్టిన కాలాన్ని శిక్షగా లెక్కవేస్తే దానివల్ల సమాజానికి ఏం ఒరిగిందో నాకు అర్థం కాలేదు. ఫిర్యాదు రాసి ఇచ్చాం. జవాబు రాలేదు గానీ, మూడో వారం నుంచి పర్యవేక్షకుడు మారాడు.

ఆ మార్పుతో సేవ స్వరూపమే మారిపోయింది. కొత్తగా వచ్చినావిడ మొదట చేసిన పని ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి ఏం చేతనవునో అడగడం. అంతవరకు ఆవరణ ఊడుస్తున్న ఒక నడివయసు మనిషి, తనకు పుస్తకాలు కుట్టడం తెలుసునని మెల్లగా చెప్పాడు. మరుసటి వారం నుంచి లోపలి గదిలో బల్ల వేసి కూర్చోబెడితే, వీపు ఊడిన నిఘంటువులను విడదీసి, పాత జిగురును గీకి, దబ్బనంతో రంధ్రాలు పొడిచి, దారానికి మైనం పూసి కుట్టుకుంటూ పోయాడు. అట్ట అతికించాక బరువు కింద పెట్టిన పుస్తకాన్ని మరునాటిదాకా ముట్టుకోవద్దని మా సిబ్బందికే హెచ్చరిక చేసేవాడు. ఆయన ఏ నేరం మీద వచ్చాడో మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. అడగకూడదన్నది ఒప్పందంలో ఉంది, ఉండటమే మంచిది.

దుస్తుల విషయం ఒకటి చెప్పాలి. బ్రిటన్‌లో 2008 నుంచి ఈ పని చేసేవారికి, చేస్తున్నది శిక్షేనని అందరికీ తెలిసేలా వీపున అక్షరాలున్న నారింజ రంగు చొక్కాలు వేయిస్తున్నారు. మా దగ్గర అలాంటి నియమం లేదు, లేకపోవడం వల్ల మాకు జరిగిన నష్టమూ లేదు. పని కనబడాలి గానీ మనిషిని ఎత్తిచూపనక్కర్లేదని నా అభిప్రాయం. చదువుకోవడానికి వచ్చినవారు ఆ కుట్టుపని మనిషిని కొత్త ఉద్యోగి అనుకుని పుస్తకాల జాడ అడిగేవారు, ఆయన లేచి చూపించేవాడు.

ఈ సేవ కోరుకునేవారు ముందే తెలుసుకోవలసిన హద్దు ఒకటుంది. నిర్బంధ శ్రమపై 1930లో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం, న్యాయస్థానం తీర్పు వల్ల చేయించే పనిని నిర్బంధ శ్రమగా లెక్కించదు; అయితే అది ప్రభుత్వాధికారుల పర్యవేక్షణలో జరగాలి, ఆ మనిషిని ప్రైవేటు వ్యక్తులకో కంపెనీలకో అప్పగించకూడదు. కాబట్టి జీతం లేని పనివాళ్లు దొరుకుతారన్న ఆశతో దరఖాస్తు చేయబోయేవారు ఆగిపోవడం మేలు. పైగా ఇది ఉచితమూ కాదు: బల్ల, సామాను, మా మనిషి ఒకరి సమయం, ప్రతిరోజూ సంతకాల పని మా నెత్తినే పడ్డాయి. ఆవరణ శుభ్రం చేయించడానికే అయితే అంత శ్రమ గిట్టుబాటు కాదు.

వచ్చే విడతకు మళ్లీ దరఖాస్తు చేశాం. పనుల పట్టికలో ఊడ్చే పనిని కిందికి దింపి పుస్తకాల మరమ్మతును మొదట రాశాం, ఆ పర్యవేక్షకురాలినే పంపమని విడిగా ఒక ఉత్తరం జతచేశాం, చేతితొడుగులు మాత్రం మేమే కొని పెట్టుకున్నాం.