అరవై దాటాక నెట్ ఎవరి దగ్గర నేర్చుకోవాలి: మనవడా, షాపా, యూట్యూబా, మన ఈడువాళ్లా?

వాట్సాప్ తెరవడం, పిల్లల వీడియోకాల్ ఎత్తడం ఇప్పుడు అనంతపురంలో చాలామంది పెద్దవాళ్లకు వచ్చు. చిక్కంతా ఆ తర్వాతే. తిరుమల దర్శనం టికెట్టు, రైల్లో కింది బెర్తు, కరెంటు బిల్లు, పింఛనుకు లైఫ్ సర్టిఫికెట్టు. ఇవన్నీ ఫోన్లోనే అయిపోతాయని అందరూ చెప్తారు. ఎట్లా చేయాలో పక్కన కూర్చోబెట్టుకుని చూపించేవాళ్లే తక్కువ.

ప్రభుత్వ తరగతుల సంగతి ముందే తేల్చేద్దాం. 2017లో కేంద్రం పల్లెల్లో డిజిటల్ అక్షరాస్యత కోసం పీఎంజీదిశ అనే పథకం పెట్టింది. 20 గంటల కోర్సు. అందులో చేరడానికి వయసు 14 నుంచి 60 ఏళ్ల లోపు ఉండాలన్నారు. అంటే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లనే గుమ్మం బయట నిలబెట్టారు. ఆ పథకం కూడా 2024 మార్చితో ముగిసింది. ఇక మనకు మిగిలినవి నాలుగు దారులు.

ఇంట్లో మనవడో మనవరాలో ఉంటే అందరూ అటే చూస్తారు. వాళ్లకు చాలా తెలుసు. ఇబ్బంది కూడా అదే. "ఇట్లియ్యి తాతా" అని ఫోన్ లాక్కుంటాడు, బొటనవేలు చకచకా కదులుతుంది, పని అయిపోతుంది. మళ్లీ చూపించమంటే అంతే వేగంగా మళ్లీ చేస్తాడు. మూడోసారి అడగడానికి మనకే మొహమాటం.

పైగా మన ఇబ్బందులు కొన్ని వాడి ఊహకు అందవు. మన వేలు తెర మీద నిదానంగా ఆనుతుంది, నిదానంగా లేస్తుంది. ఫోన్ దాన్ని నొక్కి పట్టుకోవడం కింద లెక్కేస్తుంది. యాప్ తెరుచుకోదు, ఏదో చిన్న జాబితా వస్తుంది. ఇంకాసేపు పట్టుకుంటే బొమ్మే జాగా మారిపోతుంది. "గట్టిగా నొక్కొద్దు తాతా" అంటాడు వాడు. ఎంత మెత్తగా నొక్కినా అంతే, ఎందుకంటే ఫోన్ చూసేది వేలు ఎంతసేపు ఆనిందన్నదే. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి పోయి యాక్సెసిబిలిటీ తెరిస్తే టచ్ అండ్ హోల్డ్ డిలే అని ఒకటి ఉంటుంది. దాన్ని లాంగ్ అని పెడితే ఈ బాధ చాలావరకు తీరుతుంది. కంపెనీని బట్టి అది ఉండే చోటు కాస్త మారుతుంది, పైన వెతికే గడిలో పేరు కొడితే దొరుకుతుంది.

కాబట్టి మనవడు సెలవులకొచ్చినప్పుడు వాడితో ఫోన్ సర్దించుకోండి. అక్షరాలు పెద్దవి చేయించడం, కీబోర్డులో తెలుగు పెట్టించి మైకు నొక్కి మాట్లాడితే రాసుకునేలా చేయించడం, అక్కర్లేని యాప్‌ల నోటిఫికేషన్ మోతలు ఆపించడం, ఇప్పుడు చెప్పిన ఆ డిలే మార్పించడం. ఇవి కాగితం మీద రాసి చేతికిస్తే వాడు టిఫిన్ తినేలోపు చేసి పెడతాడు. పాఠం మాత్రం వాడి దగ్గర వద్దు.

టవర్ క్లాక్ చుట్టుపక్కల మొబైల్ షాపులు, నెట్ సెంటర్లు చాలానే ఉన్నాయి. అర్జంటు పనికి వాళ్లే దిక్కు, కాదనను. అయితే అక్కడ పని జరుగుతుంది, నేర్చుకోవడం జరగదు. వాళ్లు నేర్పిస్తే రేపు మనం మళ్లీ ఎందుకు వెళ్తాం? వాళ్ల బతుకుదెరువు అది. నాకు అసలు టెన్షన్ పెట్టేది వేరే ఉంది. ఖాతా తెరిచేటప్పుడు మెయిల్ ఐడీ అడిగితే మనకు లేదని సెంటర్లో వాళ్లదే కొట్టేస్తారు. పాస్‌వర్డూ వాళ్లే పెడతారు. ఆరు నెలల తర్వాత ఇంట్లో కూర్చుని లాగిన్ అవుదామంటే కోడ్ వాళ్ల మెయిల్‌కు పోతుంది. నంబరు మీది, ఖాతా తాళం ఇంకొకరి దగ్గర. ఇక ఓటీపీని కౌంటర్ ముందు నిలబడి పదిమంది వినేలా చదివి చెప్పడం మన ఊళ్లో రోజూ కనిపించేదే.

చిన్న చిన్న ప్రభుత్వ పనులకైతే షాపు మెట్లు ఎక్కాల్సిన పనే తగ్గింది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్ సేవ మొదలుపెట్టింది. 9552300009 నంబరుకు హాయ్ అని పంపితే చాలు, మొదట్లోనే 161 సేవలు పెట్టారు. వాట్సాప్ ఎలాగూ వచ్చినవాళ్లు అక్కడ మొదలుపెడితే భయం తగ్గుతుంది.

యూట్యూబ్‌లో తెలుగు పాఠాలకు కొదవ లేదు, ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా విసుక్కోదు. కానీ పాఠం చూసేదీ ఆ ఫోన్లోనే, పని చేయాల్సిందీ ఆ ఫోన్లోనే. వీడియో ఆపి యాప్‌లోకి పోయేసరికి ఏం నొక్కమన్నాడో మరిచిపోతాం. వెనక్కొస్తే యాప్ మళ్లీ మొదటికి పోయి ఉంటుంది. టీవీలో యూట్యూబ్ వస్తే పాఠం అందులో పెట్టుకుని, ఫోన్ చేతిలో పట్టుకోండి. ఎప్పటి వీడియోనో కూడా చూసుకోవాలి. పాత వాటిలో తిరుమల టికెట్లకు తిరుపతి బాలాజీ అనే పేరున్న సైట్ చూపిస్తారు. 2024 నుంచి అది టీటీదేవస్థానమ్స్ పేరు మీదికి మారింది. ఏదీ తెలియక గూగుల్లో వెతికితే అదే పోలికతో ఉన్న నకిలీ సైట్లు ఎదురొచ్చే ప్రమాదం ఉంది.

నేను ఓటేసేది నాలుగో దారికి. మన ఈడువాళ్లలో ఒకరు, మొన్నమొన్ననే నేర్చుకున్నవాళ్లు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్లో పొద్దున నడక అయ్యాక గట్టు మీద కూర్చున్నవాళ్లను గమనించండి. "యాడుందప్పా అది?" అని ఒకాయన అంటే, "పైన మూడు చుక్కలున్నాయి సూడు, వాటి మీద ఆనించి తియ్యి" అని ఇంకొకాయన. ఫోన్ మాత్రం మొదటాయన చేతిలోనే ఉంటుంది. చెప్పే ఆయన అద్దాలు వెతుక్కునేసరికి ఇవతలాయనకు ఆలోచించుకునే టైమ్ దొరుకుతుంది.

ఎక్కడ ఆగిపోతామో వాళ్లకు తెలుసు, అసలు బలం అదే. పింఛనుదార్ల కోసం ప్రభుత్వం పెట్టిన జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే వీలు 2021లో వచ్చింది. యాప్ తెరవగానే ముందు ఆపరేటర్ వివరాలు అడుగుతుంది. ఆపరేటర్ ఎవరో బ్యాంకువాడు కాబోలని చాలామంది అక్కడే మూసేస్తారు. పింఛనుదారే తనకు తాను ఆపరేటర్ కావచ్చు: ముందు ఆపరేటరుగా ఒకసారి, తర్వాత పింఛనుదారుగా ఒకసారి ముఖం చూపిస్తే సరి. దానితో పాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే ఇంకో యాప్ కూడా ఫోన్లో ఉండాలి. అట్లాగే రైలు టికెట్. మనవడు జనరల్ కోటాలోనే తీస్తాడు, వాడికి అదే అలవాటు. లోయర్ బెర్త్, సీనియర్ సిటిజన్ అని వేరే కోటా ఉంది, మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 ఏళ్లు నిండి, టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉంటే చాలు. పై బెర్తు ఎక్కలేక ఇబ్బందిపడ్డవాళ్లకే ఇది గుర్తుంటుంది.

ఈ దారికీ లోపముంది. మన ఈడువాళ్లు పాఠంతో పాటు వాట్సాప్ పుకార్లు కూడా అంతే నమ్మకంగా అంటిస్తారు. బ్యాంకు పని, డబ్బు పని వచ్చినప్పుడు గట్టు మీది మాట సరిపోదు, బ్యాంకులోనే అడగాలి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, రావడానికి అక్కర్లేదన్నది ఒక్కటి పట్టుకుంటే సగం మోసాలు దూరమవుతాయి. వీడియోకాల్‌లో పోలీసు డ్రెస్సు వేసుకుని డిజిటల్ అరెస్టు అన్నవాడు దొంగే, చట్టంలో అట్లాంటి అరెస్టు లేదు. డబ్బు పోతే ఆలస్యం లేకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఆడవాళ్ల విషయంలో నా లెక్క కొంచెం మారుతుంది. గ్రౌండ్ గట్టు మీద వాళ్లకు చోటు తక్కువ. గుడిలో భజనకు కలిసేవాళ్లు, వీధిలో చీటీలు కట్టేవాళ్లు దీనికి బాగా పనికొస్తారు, కానీ దానికి ముందు ఫోన్ ఆమెదై ఉండాలి. చాలా ఇళ్లల్లో భర్త పాత ఫోన్ ఆమె చేతికొస్తుంది, సిమ్ ఆయన పేరు మీద, ఆధార్‌కు లింకైందీ ఆయన నంబరే. ఇంక ప్రతి ఓటీపీకీ "ఏమండీ, ఏదో వచ్చిందంట చూడండి" అని అడగాల్సిందే. అవ్వకు నేర్పిద్దామనుకునే కోడళ్లు, కూతుళ్లు ముందు ఆమె పేరున సిమ్ తీసుకుని, ఆధార్ కేంద్రానికి తీసుకుపోయి ఆ నంబరు లింకు చేయించండి. మొదటి పాఠం ఆ తర్వాతే.