బెడ్స్ ఆర్ బర్నింగ్: ఏళ్లుగా వింటున్నా పాతబడని పాట

రాజకీయ గొడవల మీద రాక్ బ్యాండ్లు చేసిన పాటలు కాలేజీ రోజుల నుంచి వింటున్నాను. విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లి వచ్చే బస్సులో ఇప్పటికీ అవే. మొదట్లో ఊపేసిన పాటలు చాలావరకు పక్కకు పోయాయి. ఒట్టి కోపం ఉన్న పాట కొన్నాళ్లకు పల్చబడుతుంది. ఎవరి తరఫున కోపమో, అడిగేది ఏమిటో తెలిసిన పాట నిలబడుతుంది. నా వరకు అందులో మొదటిది ఆస్ట్రేలియా బ్యాండ్ మిడ్‌నైట్ ఆయిల్ పాడిన ‘బెడ్స్ ఆర్ బర్నింగ్’.

ఈ కోవలో అందరూ ముందు చెప్పేది ఐర్లాండ్ బ్యాండ్ యూటూ పాడిన ‘సండే బ్లడీ సండే’. 1972 జనవరి 30న ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీలో పౌరహక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. ఆ రోజే 13 మంది చనిపోయారు. పాట 1983లో ‘వార్’ ఆల్బమ్‌లో వచ్చింది. ల్యారీ మలెన్ డ్రమ్స్ సైనిక కవాతులా మొదలవుతాయి. చంపినవాళ్ల అడుగుల చప్పుడే చనిపోయినవాళ్ల పాటకి తాళం అయింది. దీన్ని మంచి ఇయర్‌ఫోన్స్‌తోనే వినండి, ఫోన్ స్పీకర్‌లో ఆ దెబ్బ రేకుడబ్బా మోతలా ఉంటుంది. ఇది తిరుగుబాటు పాట కాదని యూటూ గాయకుడు బోనో కచేరీల్లో ముందే చెప్పేవాడు. ఆ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది, కానీ పాట బలం కొంత అక్కడే తగ్గిందని నాకనిపిస్తుంది.

క్రాన్‌బెర్రీస్ బ్యాండ్ పాట ‘జాంబీ’ (1994) వేరు. 1993 మార్చిలో ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో ఐఆర్ఏ (ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోవాలని పోరాడిన సాయుధ సంస్థ) బాంబులకు మూడేళ్ల బాబు, పన్నెండేళ్ల అబ్బాయి బలయ్యారు, ఆ పిల్లల మీద వచ్చిన పాట ఇది. గాయని డొలోరెస్ ఓ రియోర్డన్ గొంతు పైస్థాయిలో విరిగే చోట ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అది ఏడుపు. పసిపిల్లల శవాల ముందు కారణాలు చర్చించలేం కదా. రోజూ వినడం మాత్రం నావల్ల కాదు.

మిడ్‌నైట్ ఆయిల్ దగ్గరికొస్తే, వాళ్లు 1986లో, ఆదివాసీ కళాకారులు ఎక్కువగా ఉన్న వరుంపి బ్యాండ్‌తో కలిసి ఎడారిలోని ఆదివాసీ ఊళ్లు తిరిగారు. సొంత నేల నుంచి తరలింపుకు గురైన పింటుపి ఆదివాసీల సంగతి అక్కడి నుంచే పాటలోకి వచ్చింది. 1987లో ‘డీజిల్ అండ్ డస్ట్’ ఆల్బమ్‌లో విడుదలైంది. మొదట్లోనే ఇత్తడి బాకాలు మూడు దెబ్బలు కొట్టి ఆగుతాయి, కింద బేస్ నడక అందుకుంటుంది. వేడుకోలు ఎక్కడా ఉండదు. నేల వాళ్లది, అద్దె కట్టండి, తిరిగి ఇచ్చేయండి. లెక్క అంతే.

సోంపేట బీల (చిత్తడి) భూములు థర్మల్ ప్లాంటుకు పోకుండా రైతులు, మత్స్యకారులు నిలబడటం, 2010 జులైలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోవడం చూసిన జిల్లా శ్రీకాకుళం. థర్మల్ ప్లాంటు రాలేదు, బీల మిగిలింది. అందుకే ఈ పాట మాకు పరాయిది కాదు. జముకుల కథలో సుబ్బారావు పాణిగ్రాహి, గజ్జె కట్టి వంగపండు ప్రసాదరావు చెప్పింది కూడా నేల మాటే. తీగ లాగి వదులుతూ జముకు వాయిస్తుంటే గొంతుతో పాటు అదీ వాదనకు దిగినట్టుంటుంది. అది విన్న చెవికి ఈ బాకాలు వెంటనే అందుతాయి.

లోపాలు లేకపోలేదు. మిడ్‌నైట్ ఆయిల్ గాయకుడు పీటర్ గారెట్ యాస తొందరగా అందదు, మొదటిసారి సాహిత్యం ముందు పెట్టుకుని వినడం మేలు. ఆల్బమ్ మొత్తం ఒకే ఊపులో ఉండదు, కొన్ని పాటలు నేను దాటేస్తాను. పెద్ద ప్రశ్న ఇంకొకటి: ఆదివాసీల గోడు తెల్లవాళ్లు పాడటమేమిటి? 2000 సిడ్నీ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో, ఆదివాసీలకు క్షమాపణ చెప్పనన్న ప్రధాని ఎదుటే, ‘సారీ’ అని రాసిన నల్లబట్టలతో మిడ్‌నైట్ ఆయిల్ వాళ్లు ఇదే పాట పాడారు. 2008లో ఆస్ట్రేలియా ప్రభుత్వం క్షమాపణ చెప్పినప్పుడు గారెట్ అందులో మంత్రి. అంతదూరం వచ్చినవాళ్లని నేను నమ్ముతాను.

అయినా ఆ ప్రశ్నకు సరైన జవాబు వరుంపి బ్యాండే. 1983లో వాళ్లు లురిట్జా భాషలో చేసిన ‘జైలాంగురు పకార్ను’ వెతికి వినండి. జైలు నుంచి బయటికొచ్చినవాడి పాట అది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా గిటార్ లాక్కెళ్తుంది. ఈమధ్య నా ఫోన్‌లో ఎక్కువగా మోగేది అదే.