ఫ్రాంచైజీ ఒప్పందం: పోటీ నిషేధం మేలా, బిగించిన గోప్యత మేలా?

ఫ్రాంచైజీ, అంటే ఒక సంస్థ పేరుతో దాని పద్ధతిలో దుకాణం నడిపే హక్కు, తీసుకోబోయేవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఒప్పందం ముగిశాక రెండేళ్లు ఇదే వ్యాపారం చేయకూడదట, సంతకం పెట్టవచ్చా?" గోప్యత నిబంధన గురించి మాత్రం ఎవరూ అడగరు. ఎవరి రహస్యాలు వారికి ఉంటాయి కదా అనుకుని ఆ పేజీ తిప్పేస్తారు. మా బావమరిదీ అదే చేశాడు. హనుమకొండలో టీ దుకాణం పెట్టడానికి రెండు సంస్థల ముసాయిదాలు పట్టుకుని పోయిన నెల మా ఇంటికి వచ్చాడు. రెండోది ఖాయం చేసుకున్నానని, ఒకసారి చూసి సరేనంటే చాలని అన్నాడు.

మొదటి ముసాయిదాలో పోటీ నిషేధం నల్లని అక్షరాల్లో ఉంది: గడువు ముగిసిన నాటి నుంచి రెండేళ్ల పాటు, అయిదు కిలోమీటర్ల లోపల టీ, కాఫీ, చిరుతిళ్ల వ్యాపారం చేయరాదు. గోప్యత మాత్రం ఆరే వరుసలు. మసాలా పొడి పాళ్లు, శిక్షణ పుస్తకం, సంస్థ ఫ్రాంచైజీదారుకు సరుకు అమ్మే ధరల పట్టిక బయటపెట్టకూడదు, అంతే. రెండో ముసాయిదాలో గడువు తీరాక పోటీ నిషేధమే లేదు. వారి ఏజెంటు గొప్పగా చెప్పుకున్నదీ అదే. అయితే గోప్యత రెండున్నర పేజీలు, దానికి కాలపరిమితి లేదు. "సంస్థ ద్వారా ఏ రూపంలోనైనా తెలిసిన ప్రతి సమాచారమూ" రహస్యమే. కింద ఉదాహరణలు కూడా ఇచ్చారు: తయారీ పద్ధతులు, సరుకు ఇచ్చేవారి పేర్లు, కొనుగోలుదారుల వివరాలు, దుకాణం నడిపే తీరు.

కట్టాల్సిన డబ్బు రెండింటికీ ఇంచుమించు ఒకటే. నేను మొదటిది తీసుకోమన్నాను. నాకు మతి చెడిందేమో అన్నట్టు చూశాడు.

మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. దాని 27వ సెక్షను ఒక మనిషిని న్యాయమైన వృత్తి, వ్యాపారం చేయకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదంటుంది. నిషేధం రెండేళ్లేనా, అయిదు కిలోమీటర్లేనా అన్న బేరానికి అక్కడ చోటు లేదు. 1874లోనే కలకత్తా హైకోర్టు పాక్షిక నిషేధమైనా నిషేధమేనని తేల్చింది. క్రికెటర్ జహీర్ ఖాన్‌కూ ఒక మార్కెటింగ్ సంస్థకూ నడిచిన వివాదంలో 2006లో సుప్రీంకోర్టు కూడా, ఒప్పందం ముగిశాక అమలయ్యే అడ్డంకి విషయంలో సబబా కాదా అన్న పరీక్ష వర్తించదని చెప్పింది. గుడ్‌విల్‌తో, అంటే వ్యాపారానికున్న మంచి పేరుతో సహా దుకాణాన్ని అమ్మేస్తే మాత్రం కొనుగోలుదారు కొంత పరిధిలో పోటీ వద్దనవచ్చు. ఆ మినహాయింపు సెక్షనులోనే ఉంది.

ఈ భరోసా అంతా గడువు తీరాకే, ముందు కాదు. ఫ్రాంచైజీ నడుస్తుండగా పక్క వీధిలో మరో పేరుతో టీకొట్టు తెరిస్తే సెక్షన్ 27 ఆదుకోదు. దీనికి గుజరాత్ బాట్లింగ్ కేసు గుర్తుంచుకోవాలి. థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్ వంటివి సీసాల్లో నింపే కంపెనీ అది. ఇంకొకరి పానీయాల జోలికి పోనని కోకాకోలాకు రాసిచ్చింది. తర్వాత దాని వాటాలు పెప్సీ వర్గం చేతికి వెళ్లాయి. ఒప్పందం ముగించడానికి ఇవ్వాల్సిన ఏడాది నోటీసు గడువు ఇంకా నడుస్తున్నందున ఆ మాటకు కట్టుబడాల్సిందేనని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు కాలమూ ఒప్పంద కాలమే. ఈ సంగతి తెలియక నోటీసు ఇచ్చిన మర్నాడే కొత్త బోర్డు రాయించేవారున్నారు.

ఇక గోప్యత. ఇక్కడే మా బావమరిదికీ నాకూ ఒక పూట వాదన నడిచింది. అయిదేళ్ల తర్వాత నువ్వు బయటికి వచ్చి సొంత టీకొట్టు పెట్టావనుకో అన్నాను. పాలు ఎవరి దగ్గర తీసుకుంటావు? అయిదేళ్లుగా పోస్తున్న ఆయన దగ్గరే. ఆయనను చూపించింది సంస్థ. టీపొడి టోకు వ్యాపారి పేరూ వారే చెప్పారు. అల్లం ఎప్పుడు వేయాలో, డికాక్షన్ ఎంతసేపు మరగాలో వారి శిక్షణలోనే నేర్చుకున్నావు. రోజూ పది టీలు పంపించమనే ఆఫీసు ఫోను నంబరు వారి బిల్లింగ్ యంత్రంలో ఉంది, నీ ఫోనులోనూ ఉంది. రెండో ముసాయిదా ప్రకారం ఇవన్నీ రహస్యాలే. మొదటిదాని ప్రకారం రహస్యాలు నువ్వు ఎటూ తిరిగి వాడని మసాలా పాళ్లు, శిక్షణ పుస్తకం, ధరల పట్టిక, ఈ మూడే.

అంత విస్తృతంగా రాసిన గోప్యత కోర్టులో నిలుస్తుందా అంటే, పూర్తిగా నిలవకపోవచ్చు. లోకానికి తెలిసినది రహస్యం కాదు. పనిలో చేతికి అబ్బిన నేర్పు మనిషి సొంతం. కానీ నిజమైన రహస్యాన్ని కాపాడడానికి న్యాయస్థానాలు వెనుకాడవు. 1987లో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో, పశుగ్రాసం పెంచే యంత్రానికి ప్యానెళ్లు సరఫరా చేస్తారని ఒక కంపెనీకి నక్షలు చూపించారు. తర్వాత ఆ కంపెనీ తానే అలాంటి యంత్రం తయారు చేసింది. ఆ సమాచారం వాడకుండా కోర్టు అడ్డుకుంది. మన టీ దుకాణంలో ఏది నక్ష వంటిది, ఏది పాలవాడి పేరు వంటిది అన్నది ఒక్కొక్కటిగా వాదించుకోవాలి.

నా దృష్టిలో నిర్ణయించేది అదే, ఎవరు ఏమి నిరూపించుకోవాలన్నది. మొదటి ముసాయిదాలోని పోటీ నిషేధాన్ని చూపించి సెక్షన్ చదివితే వాదన దాదాపు ముగుస్తుంది. రెండోదానిలో సాక్ష్యాలు, పట్టికలు, వాయిదాలు. పైగా ఆ ఒప్పందంలో మధ్యవర్తిత్వం, అంటే కోర్టు బయట తగాదా తేల్చే విచారణ, ముంబయిలో. తుది తీర్పు దాకా ఆగకుండానే మధ్యంతర ఉత్తర్వు అడిగే వీలు సంస్థకు ఉంటుంది. అది వస్తే దుకాణం షట్టరు దిగుతుంది, అద్దె మాత్రం దిగదు.

మొదటిదీ మచ్చలేనిదేమీ కాదు. పోటీ నిషేధం మీరితే డిపాజిట్ మొత్తం జప్తు అన్నారు. చట్టం ముందు చెల్లని నిబంధనే అయినా, డబ్బు వారి చేతిలో ఉన్నప్పుడు కోర్టుకు వెళ్లాల్సింది మనం. తేదీ లేని చెక్కులు రెండు కూడా అడిగారు. సంతకం చేసేవారు బేరమాడవలసింది ఆ రెండేళ్ల మీద కాదు, ఈ డిపాజిట్టు మీద, చెక్కుల మీద. గడువు తీరాక టీ వ్యాపారమే చేయనని, బట్టల కొట్టు పెట్టుకుంటానని అనుకునేవారికి రెండో ముసాయిదాతో పెద్ద చిక్కు లేదు. మా వాడు అలాంటివాడు కాదు.

ఇవి కాక, సిబ్బందిని లాక్కోకూడదనే నిబంధన రెండింటిలోనూ ఉంది. ఇద్దరు టీ మాస్టర్ల దుకాణానికి దాని గురించి తల పట్టుకోనక్కరలేదు. బోర్డు, పేరు, రంగులు గడువు తీరిన రోజే తీసేయాలి. అది ట్రేడ్‌మార్కు సంగతి, దానికి వాదనే లేదు.

అయినా రెండో సంస్థకు ఒక అవకాశం ఇద్దామని, రహస్యాలేమిటో ఒక పట్టికగా రాసి జతచేయమని, మూడేళ్ల పరిమితి పెట్టమని ఉత్తరం రాయించాను. "మా ప్రామాణిక ఒప్పందంలో మార్పులు చేయము" అని ఒక వరుసలో జవాబు వచ్చింది. మొదటి సంస్థ మేనేజరు అరగంట గొణిగి, జప్తు వాక్యాన్ని కొట్టేసి, మార్జిన్‌లో సంతకం పెట్టాడు. చెక్కులు రెండు నుంచి ఒకటికి తగ్గాయి. దాని మీద మొత్తం, తేదీ రాయించాకే ఇచ్చాము.